ఇనాం భూమిలో ప్లాట్ కొంటున్నారా..? రిజిస్ట్రేషన్ అయిపోతుందిలే అనుకుంటే ఇబ్బందే.. ముందు ఓఆర్‌సీ చూడాల్సిందే!

ఊరి చివర ప్లాట్. పక్క వెంచర్ కన్నా రేటు తక్కువ. అమ్మే వ్యక్తి 'తాతల కాలం నుంచి మేమే దున్నుకుంటున్నాం' అంటాడు. పాత పహాణీ జిరాక్స్ కూడా చేతిలో పెడతాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంతమాత్రం చూసి అడ్వాన్స్ ఇచ్చేసేవాళ్లు తక్కువేం కాదు. కానీ ఆ పహాణీలో భూమి స్వభావం దగ్గర 'ఇనాం' అని ఉంటే మాత్రం అక్కడే ఆగాలి.

అసలేంటీ ఇనాం భూమి? పాత పాలకులు సేవలకు ప్రతిఫలంగా, శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన భూములివి. తెలంగాణ ప్రాంతంలో 1955 నాటి ఇనాంల రద్దు చట్టంతో ఇవి ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. అలాగని సాగులో ఉన్నవాళ్లను రోడ్డున పడేయలేదు. 1973 నవంబర్ 1 నాటికి భూమి ఎవరి అనుభవంలో ఉందో చూసి, వాళ్లకు హక్కు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ పత్రమే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్.. అందరూ ఓఆర్‌సీ అంటారు. విచారణ చేసి ఇచ్చేది ఆర్డీవో.

ఈ ఓఆర్‌సీ ఇనాందారుకే రావాలని లేదు. రక్షిత కౌలుదారుకూ, మామూలు కౌలుదారుకూ రావచ్చు. చిక్కంతా ఇక్కడే. ఇనాందారు వారసులు ఒకవైపు, దున్నిన కౌలుదారు వారసులు ఇంకోవైపు.. ఇద్దరూ భూమి మాదే అంటారు. ఇద్దరి దగ్గరా ఏదో ఒక కాగితం ఉంటుంది. మధ్యలో నలిగిపోయేది అప్పు చేసి 200 గజాలు కొన్న మనిషి.

మరి రిజిస్ట్రేషన్ అయింది కదా? అయినా సరే. ఫలానా రోజు ఫలానా వ్యక్తి రాసిచ్చాడనడానికి అది రికార్డు, అంతే. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. ఈసీదీ అదే కథ. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. ఆర్డీవో దగ్గర నడుస్తున్న ఓఆర్‌సీ తగాదా, కోర్టులో ఉన్న కేసు మామూలుగా అందులో ఉండవు. పైగా ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి.

'12 ఏళ్లు దాటింది, ఇక మాదే' అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఊరికే కాలం గడిస్తే హక్కు రాదు. అసలు యజమానికి తెలిసేలా, అతని హక్కును కాదంటూ ఉన్నట్టు కోర్టులో నిరూపించాలి. ప్రభుత్వ భూమి అయితే ఆ గడువు 30 ఏళ్లు.

ఓఆర్‌సీ చూపించారా.. ఆ జిరాక్స్‌తో సరిపెట్టుకోవద్దు. ఆర్డీవో ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీయించాలి. సర్వే నంబర్, విస్తీర్ణం, పేరు సరిపోలాలి. చాలాసార్లు ఓఆర్‌సీ రెండెకరాలకే ఉంటుంది, లేఅవుట్ మాత్రం మొత్తం సర్వే నంబర్‌లో వేసేస్తారు! దానిపై అప్పీల్ ఏమైనా ఉందా అన్నది అక్కడే అడగాలి. 1954-55 ఖాస్రా పహాణీ, 1973-74 పహాణీ పక్కపక్కన పెట్టి అనుభవదారు పేరు చూడాలి. ఆ పేరుకీ, ఇప్పుడు అమ్మేవాళ్లకీ మధ్య వారసత్వ పత్రాలో, సేల్ డీడ్‌లో లింకు తెగకుండా ఉండాలి. ఇంట్లో ఆడపిల్లల సంతకాలు లేకుండా అమ్మేసిన డాక్యుమెంట్లే తర్వాత కోర్టుకెక్కుతుంటాయి. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూసుకోవాలి.

గుడికో, మసీదుకో ఇచ్చిన ఇనాం అయితే కథ వేరు. ధార్మిక సంస్థల ఇనాంలలో ఓఆర్‌సీకి ఆ సంస్థ మాత్రమే అర్హురాలు, కౌలుదారులకు రాదు. అక్కడ ఎవరైనా ఓఆర్‌సీ చూపిస్తే దేవాదాయ శాఖలోనో, వక్ఫ్ బోర్డులోనో కనుక్కోకుండా రూపాయి కూడా ఇవ్వకపోవడమే మేలు.

ఏపీ వాళ్లు మాత్రం ఓఆర్‌సీ కోసం వెతకొద్దు. ఆంధ్ర ప్రాంతానికి 1956 నాటి వేరే ఇనాం చట్టం ఉంది. అక్కడ అడగాల్సింది రైత్వారీ పట్టా.