లైసెన్సు తుపాకికి ఏ పూత మేలు?

మన సరిహద్దు పల్లెలలో లైసెన్సు కలిగిన ఆయుధాలు ముఖ్యంగా రెండు రకాల ఇళ్ళలో కనిపిస్తాయి. పంట కాపుదల కోసం తుపాకి పొందిన రైతుల ఇళ్ళు ఒకటి. సైన్యంలో పనిచేసి పదవీ విరమణ పొంది, బెంగళూరులో గన్‌మెన్‌గా కుదురుకున్న మాజీ సైనికుల ఇళ్ళు మరొకటి. ఈ రెండవ వారికి ఆయుధమే జీవనాధారం. పిస్తోలు గాని, రివాల్వరు గాని పై మెరుగు పోయి ఎర్రబారినప్పుడు, నగరంలో ఎవరికైనా ఇచ్చి క్రొత్త పూత వేయించుకోవాలని అనుకోవడం సహజం. అయితే ఏ పూత వేయించాలి, ఎవరి చేత వేయించాలి అన్న రెండు ప్రశ్నలకూ సమాధానం తెలిసిన తరువాతనే ఆ పనికి పూనుకోవాలి.

తుప్పుకు మూలం

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలని పిల్లలకు పాఠశాలలో చెబుతాము. ఉప్పు తోడైతే ఆ చర్య మరింత వేగంగా సాగుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది. కనుకనే రోజంతా నడుముకు కట్టుకున్న ఆయుధం, పెట్టెలో ఉన్న ఆయుధం కంటే త్వరగా చెడుతుంది. తోలు ఒర తేమను పీల్చుకుని ఉంచుతుంది. తోలు శుద్ధికి వాడిన లవణాలు కూడా అందులో మిగిలి ఉండవచ్చు. ఎన్నికల వేళ పోలీసు ఠాణాలోనో, డీలరు వద్దనో జమ చేసిన ఆయుధం వారాల తరబడి ఎవరూ తుడవకుండా పడి ఉంటుంది. కన్నడంలో తుప్పును ‘తుక్కు’ అంటారు; తెలుగులో తుక్కు అంటే పనికిరాని ఇనుము. మొదటిదానిని ఉపేక్షిస్తే రెండవదే మిగులుతుంది.

ముందుగా చట్టం

1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమావళి ఈ విషయంలో మూడు అంశాలను గుర్తు చేస్తాయి.

మొదటిది లైసెన్సు పరిధి. అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో లైసెన్సు పుస్తకంలోనే వ్రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే లైసెన్సుతో ఆయుధాన్ని సరిహద్దు దాటించి బెంగళూరుకు తీసుకుపోవడం నేరమవుతుంది. మన ఊరి నుండి బస్సులో రెండు గంటల దూరమే కావచ్చు. కాని చట్టం దృష్టిలో అది వేరొక రాష్ట్రం. పరిధి విస్తరణకు ముందుగా లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు చేసుకోవాలి.

రెండవది మరమ్మతు. చట్టంలోని 5వ సెక్షను ప్రకారం ఆయుధాల మరమ్మతు వృత్తికి కూడా లైసెన్సు ఉండాలి. అర్హత విచారించకుండా ఆయుధాన్ని ఇతరుల చేతికి ఇవ్వడం 29వ సెక్షను క్రింద శిక్షార్హం. పీణ్యా పారిశ్రామిక వాడలో లోహపు పూతలు వేసే కర్మశాలలు అనేకం ఉన్నాయి. యంత్రభాగాలకు వారి పని మెచ్చదగినదే అయినా, ఆయుధ లైసెన్సు లేని చోట పిస్తోలును అప్పగించరాదు. లైసెన్సు గల డీలరుకు లేదా మరమ్మతుదారుకే ఇచ్చి, ఆయుధం సంఖ్య, తేదీ వ్రాసిన రసీదు తీసుకోవాలి. పూత పని మరొక చోట జరిగేటట్లయితే ఆ చోటికీ అనుమతి ఉన్నదా అని అడగాలి.

మూడవది గుర్తింపు సంఖ్య. ఆయుధంపై చెక్కిన సంఖ్యను, గుర్తులను చెరపడాన్ని 8వ సెక్షను నిషేధిస్తుంది. పూతకు ముందు పాత మెరుగును సానపట్టి తీస్తారు. ఆ సమయంలో అంకెలు అరిగిపోకూడదు. దళసరి పూత క్రింద అవి పూడిపోకూడదు. ఈ మాట పని అప్పగించేటప్పుడే స్పష్టంగా చెప్పాలి.

పూతలు, వాటి గుణదోషాలు

బ్లూయింగు: కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగించి అందులో ఉక్కును ముంచుతారు. పైభాగం నల్లని ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. పొర అత్యంత పలుచన కనుక కొలతలు మారవు. చూడడానికి అందంగా ఉంటుంది. అయితే నూనె లేకపోతే ఇది తుప్పును ఎక్కువకాలం ఆపలేదు. అల్యూమినియం భాగాలను ఈ ద్రావణం కరిగిస్తుంది. పంట కాపుదలకు ఉంచిన పాత జంట గొట్టాల తుపాకి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గొట్టాలను మెత్తని టంకముతో అతికించి ఉంటే ఈ వేడి క్షార ద్రావణంలో ఆ అతుకు చెడిపోతుంది. అటువంటి వాటికి నిదానంగా తుప్పును రప్పించి, నీటిలో మరగించి నల్లబరచే పాత పద్ధతియే తగినది.

ఫాస్ఫేటు పూత: రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక ఆయుధాలకు విరివిగా వాడినది. మెరుపు లేని బూడిద వర్ణం. దీనిలోని సూక్ష్మ రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి. నూనెతో కలిసి బ్లూయింగు కంటే బాగా కాపాడుతుంది.

విద్యుత్తు లేని నికెల్ పూత: నికెల్, భాస్వరం కలిసిన ఈ పొర మూలలలో కూడా ఒకే మందంతో ఏర్పడుతుంది. గట్టిది, చెమటకు బాగా తట్టుకుంటుంది. ఒక లోపమున్నది. లోతైన గీత పడి ఉక్కు బయటపడితే ఆ చోటనే తుప్పు వేగంగా పాకుతుంది.

హార్డ్ క్రోమ్: అరుగుదలకు మిక్కిలి తట్టుకుంటుంది. అయితే పూత సమయంలో ఉక్కులోనికి హైడ్రోజను చేరి లోహాన్ని పెళుసుగా మార్చవచ్చు. అందుకే పని ముగిసిన వెంటనే సుమారు 190 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కాల్చాలి. స్ప్రింగులకు ఈ పూత వేయరాదు. ఈ పనిలో వాడే ఆరు సంయోజకతల క్రోమియం క్యాన్సరు కారకం. పీణ్యా ప్రాంతపు భూగర్భ జలాలలో క్రోమియం కాలుష్యం బయటపడిన సంగతిని కూడా మనసులో ఉంచుకోవాలి.

సెరామిక్ పూత: రేణువుల పిచికారీతో శుభ్రపరచిన లోహంపై చల్లి, సుమారు 120 డిగ్రీల వద్ద రెండు గంటలు ఓవెనులో ఉంచుతారు. ఉక్కుకూ, అల్యూమినియానికీ పనికివస్తుంది. తేమను, చెమటను బాగా అడ్డుకుంటుంది. మందం సుమారు 25 మైక్రాన్లు గనుక, ఒకదానిపై ఒకటి జారే భాగాల వద్ద నేర్పు అవసరం.

గేట్లకు, కిటికీ చువ్వలకు వేసే పౌడర్ కోటింగు చౌక అని దానికి ఆశపడరాదు. అది పిస్తోలుకు మరీ దళసరి. పైగా దానికి 180 నుండి 200 డిగ్రీల వేడి కావాలి.

ఎవరికి ఏది?

ఇంటిలోనే భద్రపరచే ఉక్కు రివాల్వరుకు బ్లూయింగు, క్రమం తప్పని నూనె చాలు. ప్రతిదినం ధరించి ఎండలో నిలబడే గన్‌మెన్‌కు సెరామిక్ పూత గాని, విద్యుత్తు లేని నికెల్ గాని మేలు. అందానికి ప్రాధాన్యమివ్వని వారికి ఫాస్ఫేటు సరిపోతుంది. ఏ పూతయైనా గొట్టం లోపల, తూటా నిలిచే గదిలో పడకుండా మూయించాలి. లోపల గుంటలు పడి ఉంటే పై పూత దానిని బాగుచేయదు. గుంటలు పోయేవరకు అరగదీస్తే గోడ పలుచబడి, పేల్చినప్పుడు పగిలే ప్రమాదమున్నది. అటువంటి ఆయుధాన్ని ముందుగా మరమ్మతుదారు పరీక్షించి, పేల్చుటకు యోగ్యమని చెప్పిన తరువాతనే పూతకు ఖర్చు పెట్టాలి.

పూత వేయించిన తరువాత కూడా నిర్వహణ తప్పదు. డ్యూటీ నుండి రాగానే తూటాలు తీసి, గది ఖాళీగా ఉన్నదని రెండుమార్లు చూసుకుని, పొడి బట్టతో చెమట తుడిచి, పలుచగా తుపాకి నూనె రాయాలి. తోలు ఒరలో దాచరాదు. ఠాణాలో జమ చేసే ముందు నూనె కాస్త ఎక్కువగా రాయాలి. విడిపించుకున్న నాడే విప్పి శుభ్రపరచాలి. పిల్లలకు అందని తాళపు పెట్టెలో, తూటాలను వేరుగా ఉంచి భద్రపరచాలి.