ఫోను బిల్లు వెనుక ఉన్న బజారు

మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు ఫోను బిల్లుతో ఒక ప్రత్యేకమైన పేచీ ఉండేది. ఇల్లు కర్ణాటకలో, పొలం ఆంధ్రలో. సిమ్ము బళ్ళారిలో కొన్నది. పొలం గట్టు మీద నిలబడితే సిగ్నలు మాత్రం అవతలి గుట్ట మీది టవరు నుంచి వచ్చేది. అడుగు ఇటు వేస్తే లోకలు, అటు వేస్తే రోమింగు. ఇంటి నుంచి భార్య ఫోను చేసి "అన్నం చల్లారిపోతోంది, ఇంకా రాలేదేం?" అని అడిగితే, ఆ మాట విన్నందుకు కూడా నిమిషానికి ఇంత అని ఈయనకే ఖర్చు పడేది. హోసూరు పక్క పల్లెల్లో, పర్లాకిమిడి చుట్టుపక్కల, దెగ్లూరు వైపు, ఎక్కడ అడిగినా ఇదే కథ చెప్పేవారు. కంపెనీ వాళ్ళను నిలదీస్తే ఒకటే జవాబు: "సిస్టములో అలా చూపిస్తోందండీ."

ఆ సిస్టము అనేది ఏమిటి? దాన్ని ఎవరు తయారు చేస్తారు, ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం. మనం ఎన్నడూ చూడని బజారు అది. కానీ అక్కడ కొన్న సరుకే మన జేబులోంచి పైసలు లెక్కబెట్టి తీసుకుంటుంది.

పూర్వం లెక్క చాలా తేలిక. మన దేశంలో ఎస్.టి.డి. మొదలైంది 1960లో, కాన్పూరు, లక్నోల మధ్య. ఎక్స్ఛేంజీలో ఒక్కొక్క చందాదారుడికి ఒక్కొక్క చిన్న మీటరు ఉండేది, కరెంటు మీటరు లాగానే. లోకలు కాలు చేస్తే ఒక్క అంకె తిరిగేది. దూరపు కాలైతే ఆ మీటరు టకటకా తిరుగుతూనే ఉండేది. ఊరు ఎంత దూరమైతే ఒక యూనిట్‌కు వచ్చే సెకన్లు అంత తక్కువ. రాత్రి బాగా పొద్దుపోయాక పావు ఛార్జీ ఉండేది కనుక, ఎస్.టి.డి. బూతుల ముందు పది దాటాక జనం మూగేవారు. మీలో చాలామంది ఆ వరుసల్లో నిలబడినవాళ్ళే అయి ఉంటారు. మీటర్ల వరుసలను ఫొటోలు తీసి, ఆ అంకెలను గుమాస్తాలు రిజిస్టర్లలోకి ఎక్కించేవారు. పాత అంకెలోంచి కొత్త అంకె వరకు ఎన్ని యూనిట్లు, యూనిట్‌కు ఎంత, అంతే బిల్లు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోటు ఉంది. సంతకు వెళ్ళొచ్చినాయన మొత్తం ఇంత అయింది అంటాడే గాని వంకాయలకెంత, ఉప్పుకెంత అన్నది చెప్పడు. మీటరు కూడా అంతే. ఎవరికి చేశారు, ఎంతసేపు మాట్లాడారు అన్నది దానికి తెలియదు. వీధి చివర స్తంభం మీది పెట్టెలో ఎవడైనా మీ తీగకు తన తీగ తగిలించి నాలుగు రాత్రులు బొంబాయికి మాట్లాడుకుంటే, ఆ యూనిట్లన్నీ మీ మీటరులోనే తిరిగేవి. "నేను చేయలేదు" అని మీరు, "మీటరు తిరిగింది" అని శాఖవారు. ఇద్దరి దగ్గరా రుజువు లేదు.

1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, మన సొంత డిజిటల్ ఎక్స్ఛేంజీలు రావడంతో ఆ లోటు తీరే దారి ఏర్పడింది. డిజిటల్ ఎక్స్ఛేంజి ప్రతి కాలుకూ ఒక చీటీ రాయగలదు. ఏ నంబరు నుంచి, ఏ నంబరుకు, ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలై, ఎన్ని సెకన్లు. సెల్‌ఫోనైతే ఏ టవరు కింద నుంచి. దీన్ని ఆ వృత్తిలో వాళ్ళు సి.డి.ఆర్. అంటారు. మనం కాల్ చీటీ అందాం. రోజుకు కోట్ల చీటీలు పుడతాయి. ఆ చీటీలను బిల్లుగా మార్చే ప్రోగ్రాములే మనం చెప్పుకునే బజారులో అసలు సరుకు.

ముందుగా ఈ చీటీలన్నీ ఒకే భాషలో ఉండవు. ఒక కంపెనీ ఎక్స్ఛేంజి ఒక తీరుగా రాస్తుంది, ఇంకో కంపెనీది మరో తీరుగా. వాటన్నిటినీ ఒక్క రూపంలోకి తెచ్చే ప్రోగ్రామును మీడియేషన్ అంటారు. పొద్దున కన్నడంలో, మధ్యాహ్నం తెలుగులో పాఠం చెప్పే నాలాంటి పంతులు పని అది. ఆ తరువాత ధర కట్టడం. ఇక్కడ లెక్కల మాస్టార్లకు పండుగే. నిమిషానికి రూపాయి అనుకోండి. మీరు 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాల కింద కట్టి రెండు రూపాయలు తీసుకుంటారు. అదే సెకనుకు ఒక పైసా అయితే 61 పైసలే. మాట అదే, సమయం అదే, ధరలో మూడింతల తేడా. 2009లో టాటా డొకోమో వచ్చి సెకను లెక్క మొదలుపెట్టినప్పుడు మిగతా కంపెనీలు గాభరాపడ్డది ఇందుకే. ఆ ఏడాదిలోనే వాళ్ళూ దారికొచ్చారు. ఇక పైసలో సగం మిగిలితే పైకి సవరించాలా, కిందికా? ఒక్క కాలుకు అదేమంత అనిపిస్తుంది. రోజుకు కోటి కాల్స్ మీద అరపైసా చొప్పున కడితే 50,000 రూపాయలు. ఎవరి పక్షాన సవరించాలన్నది ప్రోగ్రాములో ఒక్క వరుస.

సరిహద్దు పేచీ పుట్టేది కూడా ధర కట్టే ఆ చోటే. మన దేశాన్ని టెలిఫోను లైసెన్సుల కోసం 22 సర్కిళ్ళుగా విడదీశారు. ఒకే కంపెనీ అయినా కర్ణాటక సర్కిలు లైసెన్సు వేరు, ఆంధ్ర సర్కిలు లైసెన్సు వేరు. రాష్ట్రం 2014లో రెండుగా విడిపోయినా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు నేటికీ ఒకటే సర్కిలు. ఫోనుకు మాత్రం ఈ గీతలేవీ తెలియవు. బలమైన సిగ్నలు ఏ టవరుదైతే దాన్ని పట్టుకుంటుంది. ఆ టవరు తన సర్కిలు పేరుతో చీటీ రాస్తుంది. బిల్లింగు ప్రోగ్రాము ఆ చీటీలోని సర్కిలు పేరు, సిమ్ము సర్కిలు పేరు పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండూ కలవకపోతే రోమింగు. మనిషి ప్రయాణం చేశాడా, తన గట్టు మీదే నిలుచున్నాడా అని అడిగే గడి ఆ చీటీలోనే లేదు. కౌంటరులో కూర్చున్న కుర్రవాడు "సిస్టములో అలా ఉంది" అన్నప్పుడు అబద్ధమాడలేదు. కానీ ఆ గడి లేకపోవడం దైవనిర్ణయం కూడా కాదు. ఎవరో కూర్చుని నిర్ణయించినదే. ఇప్పుడు దాదాపు అన్ని ప్లాన్లలోనూ దేశం లోపల రోమింగుకు వేరే ఛార్జీ లేదు కనుక ఆ బాధ తగ్గింది.

ఇక బజారు సంగతి. అమెరికాలో 1984 జనవరి 1న ఏ.టి. అండ్ టి. అనే మహా కంపెనీని ముక్కలు చేశారు. ఒక్క ఇంటి లెక్క పది ఇళ్ళ లెక్క అయింది. ఒకరి ఖాతాదారు ఇంకొకరి తీగ మీదుగా మాట్లాడితే ఎవరికెంత అని తేల్చాలి. అప్పటినుంచే ఈ ప్రోగ్రాములు విడిగా అమ్మే సరుకు అయ్యాయి. అంతకు రెండేళ్ళ ముందు, 1982లో, ఇజ్రాయెల్‌లో ఆమ్‌డాక్స్ అనే సంస్థ పుట్టింది. మొదట చేసింది టెలిఫోను డైరెక్టరీల్లో వ్యాపార ప్రకటనల పసుపు పేజీలకు పనికొచ్చే సాఫ్ట్‌వేరు. అక్కడినుంచి బిల్లింగులోకి వచ్చి ఈ రంగంలో పెద్దదైంది. అదే 1982లో టర్కీ నుంచి అమెరికా వెళ్ళిన కెనాన్ షాహిన్ తన పేరుతో ఒక కంపెనీ పెట్టాడు. 1999లో దాన్ని లూసెంట్ సంస్థ సుమారు 150 కోట్ల డాలర్లకు కొన్నది. మూడేళ్ళకే, 2002లో, ఇంచుమించు అందులో అయిదోవంతుకు సి.ఎస్.జి. అనే సంస్థకు అమ్ముకుంది. 2005లో అది కామ్‌వర్స్ చేతికి, 2015లో ఆమ్‌డాక్స్ చేతికి వెళ్ళింది. పోర్టల్ అనే కంపెనీని 2006లో ఒరాకిల్, టెల్‌కార్డియాను 2012లో ఎరిక్సన్ కొనేశాయి. పశువుల సంతలో ఎద్దు చేతులు మారినట్టు ఈ కంపెనీలు చేతులు మారుతూ వచ్చి, ఇవాళ గుప్పెడు మంది పెద్ద వర్తకులు మిగిలారు.

ఇంతగా యజమానులు మారుతున్నా, కొన్న ఫోను కంపెనీలు మాత్రం సరుకును అంత తొందరగా మార్చవు. బిల్లింగు ప్రోగ్రామును మార్చడమంటే ఇంట్లో కాపురం ఉంటుండగానే దూలం మార్చడం లాంటిది. పదేళ్ళ కిందట ఎవరో తీసుకున్న పాత ప్లాను, ఎవరికో ఇచ్చిన రాయితీ, ఎవరో ముందుగా కట్టిన డిపాజిట్టు, కోర్టులో నడుస్తున్న ఒక తగాదా, అన్నీ కొత్త దానిలోకి చెక్కుచెదరకుండా దిగాలి. ఒక్క రోజు బిల్లింగు ఆగితే ఆ రోజు రాబడి గాలిలో. అందుకని ఒకసారి అమ్మినవాడు ఏళ్ళ తరబడి మరమ్మతు రుసుము వసూలు చేసుకుంటాడు. చందాదారుల సంఖ్యను బట్టి ధర పెంచుతాడు. కొన్నవాడు గొణుగుతూ కడతాడు. నా దృష్టిలో ఈ బజారులో లాభమంతా అమ్మకంలో కంటే ఆ తరువాతి బంధంలోనే ఉంది.

మన దేశం దగ్గర మాత్రం ఈ పాశ్చాత్య సరుకు కొంత తడబడింది. వాళ్ళది నెలాఖరు బిల్లు అలవాటు, అంటే కిరాణా కొట్టు ఖాతా. మన దగ్గర పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ప్రీపెయిడ్. చేతిలో డబ్బు చూసి సరుకు తూచి ఇవ్వాలి. మీరు నంబరు నొక్కిన ఆ కాస్త వ్యవధిలోనే సిస్టము మీ ఖాతా తెరిచి చూసి, కొంత సొమ్ము పక్కన పెట్టి, కాలు కలుపుతుంది. ఆ సొమ్ము అయిపోవస్తే మరికొంత పక్కన పెడుతుంది. ఏమీ మిగలకపోతే మాట మధ్యలోనే కోసేస్తుంది. పది రూపాయల రీఛార్జి చేసుకునే కోట్లమందికి ఇది ప్రతి కాలుకూ జరగాల్సి వచ్చేది. ఖర్చు భరించలేకనో, పని తెలిసినవాళ్ళకు అప్పగించడం మేలనో, 2004లో ఎయిర్‌టెల్ తన కంప్యూటరు వ్యవస్థ మొత్తాన్ని పదేళ్ళ ఒప్పందంతో ఐ.బి.ఎం.కు అప్పగించి, రాబడిలో వాటాగా చెల్లించే పద్ధతి పెట్టింది. అప్పట్లో ఇంటి తాళాలు పరాయివాడికి ఇచ్చినట్టేనని నవ్వినవాళ్ళున్నారు. తరువాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి.

బిల్లు ఒక సగమైతే, లైను నడిపించడం ఇంకో సగం. పాత రోజుల్లో మీ ఇంటి తీగ ఎక్స్ఛేంజి నుంచి ఏ పిల్లరుకు వచ్చి, ఏ స్తంభం మీది పెట్టెలోంచి, ఏ జత తీగగా దిగిందో లైన్‌మన్‌కు తెలుసు. ఆయన బుర్రే రికార్డు. ఆయన బదిలీ అయితే ఆ రికార్డూ బదిలీయే! 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించినా, కొత్తవాడు స్తంభాలు లెక్కబెట్టుకుంటూ తిరగాల్సిందే. ఆ జ్ఞానాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, కొత్త కనెక్షను ఇవ్వడం, చెడితే ఎక్కడ చెడిందో పసిగట్టడం, డబ్బు కట్టకపోతే ఆపడం, కట్టగానే తిరిగి ఇవ్వడం చేసే ప్రోగ్రాములు ఈ రెండో రకం. టెలిఫోను శాఖ ఇంజనీర్లు హైదరాబాదులో డాట్‌సాఫ్ట్ అనే పేరుతో ఇలాంటిది సొంతంగా తయారు చేసుకున్నారు. కొనకుండా మనమే చేసుకోగలమని చూపిన ప్రయత్నంగా నాకు దానిమీద గౌరవం.

మన పొరుగు ఊళ్ళలోనూ ఈ బజారుకు దుకాణాలున్నాయి. బెంగుళూరులో 1992లో మొదలైన సుబెక్స్, ఫోను మోసాలను పట్టే ప్రోగ్రాములకు పేరుపొందింది. 2006లో ఇంగ్లండు కంపెనీ అజూర్‌ను, మరుసటేడు కెనడా కంపెనీ సిండెసిస్‌ను కొన్నది. వాళ్ళు వెతికేది ఏమిటంటే, ఒక సిమ్ము నుంచి రోజుకు వందల కాల్స్ పోతున్నాయి గాని ఒక్కటీ రావడం లేదు, ఉన్న చోటు కదలడం లేదు. మనిషన్నవాడు అలా మాట్లాడడు. విదేశీ కాల్స్‌ను దొంగదారిన లోకలు కాల్స్‌గా మార్చే పెట్టె ఏదో అక్కడ ఉందని అర్థం. 1986లో బ్రిటిష్ టెలికామ్‌తో కలిసి మహీంద్రా పెట్టిన సంస్థ నేటి టెక్ మహీంద్రా. పూణే దానికి పెద్ద కేంద్రం. మన హైదరాబాదు సత్యం కంపెనీ 2009లో కూలబోతే కొని నిలబెట్టి, 2013లో తనలో కలుపుకున్నది ఇదే. మా దగ్గర పదో తరగతి చదివిన పిల్లలు కొందరు బెంగుళూరులో, పూణేలో ఈ ప్రోగ్రాములకు పరీక్షలు పెట్టే ఉద్యోగాల్లో ఉన్నారు. అర్ధరాత్రి ధర మారే వేళ పట్టుకుని, అంతకు ముందు మొదలై ఆ తరువాత ముగిసిన కాలుకు సిస్టము ఏ ధర కడుతుందో చూడటం వాళ్ళ పని.

ఈ మధ్య ధర కట్టే తీరే మారిపోయింది. 2016లో జియో వచ్చి మాటకు డబ్బు లేదు, డేటాకే అంది. ఒక కంపెనీ ఇంకొక కంపెనీకి ప్రతి నిమిషానికి చెల్లించే రుసుము 14 పైసల నుంచి 2017లో 6 పైసలకు, 2021 జనవరి 1 నుంచి సున్నాకు వచ్చింది. సెకన్ల లెక్క పోయి, రోజుకెంత డేటా, గడువు ఎన్ని రోజులు అన్న లెక్క వచ్చింది. పేచీ కూడా అటు మళ్ళింది: "నేను వాడనే లేదు, డేటా ఎలా అయిపోయింది?"

అలాంటప్పుడు ఏం చేయాలన్నది చెప్పి ముగిస్తాను. కంపెనీల మీటరింగు, బిల్లింగు లెక్కలను ఏటా తనిఖీ చేయించాలని 2006లో ట్రాయ్ నియమం పెట్టింది. ప్రీపెయిడ్ వాళ్ళు కూడా తమ వాడకం వివరాలు అడగవచ్చు, దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు ఇస్తారు, అది రాసి పెట్టుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ముప్పై రోజుల్లోగా రాయవచ్చు. వినియోగదారుల కోర్టుకు వెళ్ళడానికి వీల్లేదని 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చిన మాట నిజమే. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు, వెళ్ళవచ్చునని తేల్చింది. పైగా 2019 చట్టం ప్రకారం మీరు కాపురమున్న జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. సిమ్ము అనంతపురంలో కొన్నా, కంపెనీ ఆఫీసు హైదరాబాదులో ఉన్నా, బళ్ళారిలో ఉండే మీరు బళ్ళారిలోనే వేయవచ్చు. టవరు ఏ సర్కిలుదైనా సరే.