చలిదేశపు చెట్లు – విత్తనపు పుట్టుచోటు

మేము ప్రదర్శకులముగా చేరిన క్రొత్తలో పాతకాలపు సార్వా వరి విత్తనమును దాళ్వాలో వేయించితిమి. పైరు ఏపుగా పెరిగినది గాని యీనలేదు. తుదకు గడ్డియే కోసికొంటిమి. ప్రొద్దు తగ్గినపుడే యీనుట యా రకమునకు స్వభావము. దాళ్వాలోనో ప్రొద్దు పెరుగుచుండును. మొక్క పగటి నిడివినిబట్టి కాలమును గుర్తించునని నాడు నేర్చుకొంటిమి. చలిదేశపు అడవిచెట్లకు ఈ గుర్తింపు తప్పినచో ప్రాణమే పోవును.

స్వీడను దేశపు పైను చెట్టు మంచు పడిన పిమ్మట మేల్కొనిన లాభము లేదు, లేతకొనలు మాడిపోవును. అందుచే పగలు తగ్గుట మొదలిడగనే అది యెదుగుదల మాని, కొనలయందు గట్టి మొగ్గలు కట్టుకొనును. పిదప కణములలో చక్కెరలను చేర్చుకొని గడ్డకట్టు చలిని సహించును.

పగలు ఎంత తగ్గినపుడు ఆగవలెనను లెక్క విత్తనముతోనే వచ్చును. ఉత్తరమున వేసవి పగళ్ళు మిక్కిలి దీర్ఘములు. దక్షిణపు విత్తనము నచట నాటినచో, తాను కోరు కొద్దిపాటి పగలు వచ్చునప్పటికే చలి ముంచుకొనివచ్చును. ఉత్తరపు విత్తనమును దక్షిణమున నాటినచో త్వరగా నాగి గిడసబారును. 19వ శతాబ్దమున జర్మనీ విత్తనముతో స్వీడనులో పెంచిన పైను తోటలు పెక్కు చెడినవి. ఓలోఫ్ లాంగ్లెట్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు పెక్కు తావుల పైను నారును పోల్చిచూచి, ఈ గుణము చోటుచోటునకు క్రమక్రమముగా మారుచుండునని 1936లో ప్రకటించెను.

ఇది యొక్క జన్యువు పని కాదు. అనేక జన్యువులు తలకొంచెము సాయపడును. పైను, స్ప్రూస్ జాతులు 14 కోట్ల యేండ్లకు పూర్వమే వేరుపడినవి. అయినను పశ్చిమ కెనడాలో ఆ రెండును వాతావరణమున కనుగుణముగా మారుటలో 47 జన్యువులు ఉమ్మడిగా పనిచేసినవని 2016లో తేలినది. మఱియొక వింత: ఒకే తల్లిదండ్రుల స్ప్రూస్ విత్తనములైనను, వెచ్చనిచోట పండినవాని మొక్కలు ఆలస్యముగా మొగ్గ కట్టునని నార్వే పరిశోధకులు కనుగొనిరి.

నేడు భూమి వేడెక్కుచున్నది. పగటి నిడివి మాత్రము మారదు. నూఱేండ్లు నిలువవలసిన చెట్టు కదలిపోజాలదు. అందుచే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వము, రాబోవు వాతావరణమునకు తగినచోటి విత్తనమును ఎంచు పద్ధతిని 2018లో ప్రవేశపెట్టినది.

సోదరులారా, సంఘము ద్వారా విత్తనము తెప్పించుకొనునపుడు ధర యొక్కటే యడుగకుడు. అది ఏ సీమలో, ఏ కాలమున పండినదో కూడ విచారింపుడు. ఆ ప్రశ్న అడుగక మేము కోసినది గడ్డియే.