మిర్యాము తంబుర, మన డప్పు: చూడని దేశాన్ని జ్ఞాపకం ఉంచుకొన్న విధం

ఎఱ్ఱసముద్రం దాటిన తరువాత మిర్యాము చేతపట్టుకొన్నది ఏమిటి? మన తెలుగు బైబిలులో ‘తంబుర’ అని ఉంది (నిర్గమ. 15:20). తంబుర అనగానే మన సంఘస్థుల కళ్ల ముందు మెదిలేది తీగెల వాద్యం. అయితే హెబ్రీ మూలంలో ఉన్న మాట ‘తోఫ్’. అది గుండ్రని చట్రానికి తోలు బిగించి, ఒక చేత పట్టుకొని మరొక చేతితో వాయించే చర్మవాద్యం. మన డప్పుకు, కంజీరకు దగ్గర చుట్టం. డప్పును పుల్లలతో కొడతాము, తోఫ్‌ను చేతితో వాయించేవారు, అంతే తేడా.

ఇశ్రాయేలు దేశంలోను, ఫేనీకే తీరంలోను, కుప్రలోను జరిగిన త్రవ్వకాలలో ఇనుప యుగపు మట్టి బొమ్మలు దొరికాయి. వాటిలో కొన్ని రొమ్ముకు ఆనించి గుండ్రని వస్తువు పట్టుకొన్న స్త్రీల బొమ్మలు. కొన్నిటి చేతిలో ఉన్నది రొట్టె అనే పండితులూ ఉన్నారు. కాని కేరల్ మేయర్స్ అనే పండితురాలు 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ బొమ్మలను, వాక్యాన్ని కలిపి చూపి, తోఫ్ ముఖ్యంగా స్త్రీల వాద్యమని వాదించారు. యెఫ్తా కుమార్తె (న్యాయాధి. 11:34), సౌలుకు ఎదురు వెళ్లిన స్త్రీలు (1 సమూ. 18:6), యిర్మీయా ప్రవచనంలోని కన్యక (యిర్మీ. 31:4), వీరందరి చేతిలో ఉన్నది అదే.

ఒక వాద్యం పేరును గూర్చి ఇంత పట్టింపు ఎందుకని చదువరులు అడుగవచ్చు. ఇశ్రాయేలీయులలో అధికులు తమ కథలు జరిగిన చోట్లను చూడలేదు. కనానులో పుట్టినవాడు ఐగుప్తును చూడలేదు, బబులోనులో పుట్టినవాడు సీయోనును చూడలేదు. అయినా ఆ నేల వారిదే అయింది. కొందరి చేతిలో ఉన్న గ్రంథపు చుట్ట ఒక్కటే దీనికి కారణం కాదు. అందరూ కూడి చెప్పిన కథ, వాయించిన తోలు, పాడిన పాట కూడా కారణమని మేము తలంచుచున్నాము.

గిల్గాలులో నిలువబెట్టిన పండ్రెండు రాళ్లను చూడండి (యెహోషువ 4). రాయి తనంతట తాను మాట్లాడదు. పిల్లలు అడగాలి, తండ్రులు చెప్పాలి. దెబోరా కీర్తనలో కీషోను వాగు, తానాకు, మెగిద్దో నీళ్లు పేరుపేరునా వస్తాయి, ఆ కథలు నీళ్లు చేదుకొనే చోట చెప్పుకొనేవారని అదే కీర్తన తెలియజేస్తున్నది (న్యాయాధి. 5:11). బావి దగ్గర ఎవరుంటారో మన పల్లెల్లో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. షెకెము లోయలో గెరిజీము కొండ మీద ఆరు గోత్రాలు, ఏబాలు కొండ మీద ఆరు గోత్రాలు నిలిచి, లేవీయులు పలికిన ప్రతి మాటకు ప్రజలు ఆమేన్ అనాలి. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయంలో ఆ ఆమేన్ పండ్రెండు సార్లు వస్తుంది. బుర్రకథలో వంతలు లేకుండా కథ నడవనట్లే, అక్కడ ప్రజల జవాబు లేకుండా నిబంధన నడవదు.

వీటన్నిటికంటె మాకు ప్రియమైనది ప్రథమ ఫలాల ఆచారం. గంపతో వచ్చినవాడు తన పితరుని కథ చెప్పాలి, ఆ కథ నడిమిలో ఐగుప్తీయులు ‘మమ్మును’ బాధపెట్టారని వస్తుంది (ద్వితీ. 26:5-10). చెప్పేవాడు ఐగుప్తు ముఖం ఎరుగడు, అయినా మమ్మును అంటాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నాలో (బిక్కూరీం 3) ఈ యాత్ర వర్ణన ఉంది. యాత్రికులు ఒక పట్టణంలో చేరి రాత్రి వీధిలోనే నిద్రించేవారు. తెల్లవారి బయలుదేరితే యెరూషలేము దగ్గరపడేవరకు వారి ముందు పిల్లనగ్రోవి మ్రోగేది. మొదట్లో చదవగలిగినవారు ఆ కథను స్వయంగా చెప్పేవారట, చదవలేనివారికి ఒకరు అందించేవారు. సిగ్గుపడి చదువురానివారు ఫలాలు తేవడమే మానుకొన్నారు. అందువలన చదివినవానికీ, చదవనివానికీ ఒకేలాగు అందించాలని నియమించారు. మన ఆరాధన క్రమాలు తయారుచేసేవారు ఈ మాటను రెండుసార్లు చదవాలి.

యాత్ర కీర్తనలు (కీర్త. 120–134) కూడా ఇటువంటి దారిలో పాడినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, దేవాలయపు పదిహేను మెట్లతో ముడిపెట్టేవారూ ఉన్నారు. సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువనున్న యెరికో నుండి సుమారు 750 మీటర్ల ఎత్తుననున్న యెరూషలేముకు ఎక్కడమంటే, వెయ్యి మీటర్ల ఎక్కుడు. కాళ్లు లాగుతుండగా కొండల తట్టు కన్నులెత్తిన మనిషి మాట 121వ కీర్తన. పండ్రెండేండ్ల యేసు బంధువుల, నెళవైనవారి గుంపులో ఉన్నాడని తల్లిదండ్రులు తలంచి ఒక దినం ప్రయాణం చేశారంటే (లూకా 2:44), ఆ గుంపులు ఎంత పెద్దవో ఊహించవచ్చు.

ఇక మన సంగతి. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన విధి. 1866లో క్లౌ దొర ఒంగోలుకు వచ్చిన తరువాత విశ్వసించినవారు ఆ పని మానుకొన్నారు. ఊరి పెద్దల ఆగ్రహానికి గురై శ్రమలు పడ్డారు. వారు చేసినది సరియైనదే. కాని వారు విడిచినది విగ్రహ సేవను, వెట్టిని. తరువాతి తరాల మనము తోలునే అపవిత్రం చేశాము. లేవీయుల వాద్యాల పట్టికలో (2 దిన. 29:25) తోఫ్ లేదని కొందరు వాదిస్తారు, నిజమే. అయితే 150వ కీర్తనలో ఉన్నది గదా!

మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. పరిచర్య తొలి సంవత్సరాలలో ఒక పల్లెలో క్రిస్మస్ రాత్రి యువకులు డప్పులు తెచ్చారు. చావుకు కొట్టేది మందిరం ముందు కొట్టరాదని తిప్పి పంపాము. చదువురాని ఒక ముసలమ్మ, “మరి మిర్యామమ్మ వాయించింది ఏంటి అయ్యగారూ?” అని అడిగింది. “తంబుర” అని చెప్పాము. ఆమె తల ఊపి ఊరుకొన్నది. బి.డి. చదువులో తోఫ్ అనే మాట నేర్చుకొని వచ్చినవారమే. ఆ రాత్రి అది మా నోట రాలేదు.

చాలా ఏళ్ల తరువాత అదే సంఘంలో ఒక శనివారం రాత్రి యెహోషువ 3, 4 అధ్యాయాలను కథగా పెట్టుకొన్నాము. ఆవరణలో ముగ్గుపిండితో నది గీశారు. కుటుంబానికి ఒకటి చొప్పున వాగులోనుండి పన్నెండు రాళ్లు తెచ్చారు. పిల్లలు అడిగారు, పెద్దలు చెప్పారు, స్త్రీలు వంత పలికారు. మొదట డప్పు ఎక్కువై కథ వినబడలేదు. యాజకుల పాదాలు నీళ్లను తాకే చోట మాత్రమే కొట్టమన్నాము, అప్పుడు సరిపడింది. ముసలమ్మ అప్పటికే ప్రభువునందు నిద్రించింది. డప్పు కొట్టినవాడు ఆమె మనుమడు. రాళ్లు ఇప్పటికీ మందిరపు గోడ ప్రక్కనే ఉన్నాయి, పిల్లలు వాటిమీద కూర్చుంటారు.