నొప్పుల కాగితం

మే నెల రెండో ఆదివారం, మదర్స్ డే సంచికకి పత్రికల్లో ఒక మూస ఉంటుంది. అమ్మ త్యాగం, అమ్మ చేతి గోరుముద్ద, ఆఫీసునీ ఇంటినీ ఒంటిచేత్తో లాక్కొచ్చే అమ్మ. ఈసారి ఎడిటర్ అడిగింది కూడా దాదాపు అదే: అమ్మతనంలోని కష్టసుఖాలు, బుధవారం సాయంత్రానికల్లా. ఆ పెద్ద మాట పట్టుకుని బయల్దేరిన కథనం లేబర్ రూమ్ గుమ్మం దాటలేకపోయింది. బాలింతను చూడ్డానికి వచ్చినవాళ్లు బిడ్డ బరువు కన్నా ముందు అడిగేది ఒకటుంది కదా- ‘‘నార్మలా, ఆపరేషనా?’’

ఆపరేషనే అని చెబితే ఊరుకోరు. ‘‘అయ్యో, నొప్పులు ఓర్చుకోలేకపోయావా’’ అంటారు. తప్పు తల్లి ఖాతాలో పడిపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తమ్మీద చూస్తే 21.5 శాతమే. తెలంగాణ ఆడవాళ్లు మిగతా దేశంలోని ఆడవాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లు సుకుమారులని నమ్మగలిగితే తప్ప, ఆ నిందకి అర్థం లేదు.

ముహూర్తాల పిచ్చి వల్లే ఇదంతా అన్నది రెండో వాదన. పంచాంగం చూపించి ఫలానా నక్షత్రంలో బిడ్డను తీయమని అడిగే కుటుంబాలు ఉన్న మాట నిజం. ఆ అడిగేది ఎక్కువగా అత్తగారో మామగారో తప్ప, పొట్ట కోయించుకునే మనిషి కాదన్నది కూడా అంతే నిజం. ఇక మూడోది, ప్రైవేటు ఆసుపత్రుల కాసుల కక్కుర్తి. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం కోతలే కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం. కానీ బిల్లే లేని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అదే సర్వేలో 44.5 శాతం వచ్చింది. దేశంలోని సర్కారు దవాఖానాల సగటు 14.3. ముహూర్తమూ కాసులూ పక్కన పెట్టినా ఇంత మిగిలిందంటే ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో ఒక కాగితంలో కనిపిస్తుంది. కాన్పు గదిలో ఒక్కో తల్లికి రాసే ఒకే ఒక్క పేజీ. పేరు పార్టోగ్రాఫ్.

అడ్డంగా గంటలు, నిలువుగా సెంటీమీటర్లు. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో పరీక్ష చేసినప్పుడల్లా అక్కడ ఒక గుర్తు పెడతారు. బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది, ఉమ్మనీరు ఏ రంగులో ఉంది, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయి, తల్లి నాడి, బీపీ- అన్నీ ఆ పేజీలోనే. ఏటవాలుగా రెండు గీతలుంటాయి. మొదటిది హెచ్చరిక గీత: గంటకి ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకుంటే కాన్పు ఈ గీత మీద నడుస్తుంది. దానికి నాలుగు గంటలు కుడివైపున రెండోది. అక్కడికి గుర్తు చేరిందంటే ఏదో ఒకటి చేయాలి.

దీని చరిత్ర చకచకా చెప్పుకుంటే: 1954లో న్యూయార్క్ వైద్యుడు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ వంద మంది తొలిచూలు తల్లుల నొప్పులని గ్రాఫుగా గీశాడు. 1972లో నేటి జింబాబ్వేలో ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు వైద్యులు దానికి ఆ రెండు గీతలు చేర్చారు. మారుమూల క్లినిక్కులోని మంత్రసాని, కాన్పు కష్టమవుతోందని ముందే పసిగట్టి పెద్దాసుపత్రికి పంపేందుకు అవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఇండొనేసియా, మలేసియా, థాయ్‌లాండ్‌లలో 35 వేలకు పైగా తల్లుల మీద పరీక్షించి, 1994లో ఫలితాలు ప్రకటించింది. అత్యవసర సిజేరియన్లు 9.9 నుంచి 8.3 శాతానికి తగ్గాయి.

తల్లిని సమయానికి పెద్దాసుపత్రికి చేర్చడానికి గీసిన గీత, పెద్దాసుపత్రిలోకి వచ్చేసరికి తొందరపెట్టే గీతగా మారింది. గంటకో సెంటీమీటరు రాలేదంటే ‘నొప్పులు ముందుకు సాగడం లేదు’ అని రాసేయొచ్చు. చాలామంది తల్లులకు ఆ లెక్క అందుకోలేనంత వేగమనీ, దాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో చెప్పింది. ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక తొలిచూలు తల్లికి 12 గంటల దాకా పట్టొచ్చు, మలిచూలుకైతే 10 గంటలు.

2020 చివర్లో అదే సంస్థ కొత్త కాగితం తెచ్చింది. వ్యాసకర్తకి ఈ కథనం మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఏటవాలు గీతలు పోయాయి. ప్రతి సెంటీమీటరుకీ దాని గడువు దానికే: 5 దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5, 7 దగ్గర 3 గంటలు ఆగొచ్చు. తల్లి వివరాల కిందే, బిడ్డ గుండె కన్నా ముందు, నాలుగు వరసలు వచ్చి చేరాయి. పక్కన తోడు ఉన్నారా? నొప్పి తగ్గడానికి ఏమైనా చేశారా? తాగడానికి ఇచ్చారా? ఏ భంగిమలో ఉంది? తోడు లేరని రాస్తే దాని చుట్టూ సున్నా చుట్టాలి, బిడ్డ గుండె వేగం తప్పినప్పుడు చుట్టినట్టే. వెల్లకిలా పడుకుని ఉన్నా సున్నా చుట్టాలి. మన లేబర్ రూముల్లో ఎక్కువమంది ఎలా పడుకుని ఉంటారో తెలిసినవాళ్లకి ఆ గడి చూస్తే నవ్వు రావాలి, లేదా కోపం. అట్టడుగున ఇంకో వరస: తర్వాత ఏం చేయబోతున్నారో తల్లితో మాట్లాడి రాయాలి.

భారత్‌లో నాలుగు ఆసుపత్రుల్లో దీన్ని వాడి చూస్తే, తొలిచూలు తల్లుల్లో మామూలుగా నొప్పులు మొదలైనవాళ్లకి సిజేరియన్లు 45.2 నుంచి 39.7 శాతానికి దిగాయి. అది యాదృచ్ఛికం కూడా కావచ్చనే స్థాయి తేడా అని పరిశోధకులే ఒప్పుకున్నారు. కాగితం మార్చినంత మాత్రాన పనైపోదన్నమాట.

ఎందుకంటే ఆ గడులు నింపడానికి ఒక మనిషి కావాలి. అరగంటకోసారి గుండె వినాలి, నడుం రుద్దాలి, లేపి నడిపించాలి, ధైర్యం చెప్పాలి, పన్నెండు గంటలు. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, ఎప్పుడు చేయాలో కూడా ముందే తెలుస్తుంది. ఒక్క నర్సు అరడజను మందిని చూసుకునే రాత్రి కత్తే గెలుస్తుంది. తర్వాత తల్లికి చెప్పే కారణాలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు: ఉమ్మనీరు తగ్గింది, పేగు మెడకి చుట్టుకుంది. పేగు చుట్టుకోవడం నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో జరిగేదే, ఎక్కువసార్లు ఏ హానీ ఉండదు.

ఆ మనిషిని తయారుచేసే ప్రయత్నం కరీంనగర్‌లో జరిగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి 30 మంది నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. కేంద్రం మరుసటి ఏడాది దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. వీళ్ల పని కూర్చోవడం, కనిపెట్టుకుని ఉండడం, తేడా వస్తే డాక్టరుని పిలవడం. మంత్రసానిని పంపించేసి 97 శాతం కాన్పుల్ని ఆసుపత్రికి తెచ్చుకున్న రాష్ట్రం, ఆమె చేసిన పనికి మళ్లీ శిక్షణ పెట్టి మనుషుల్ని వెతుక్కుంటోంది. ఇందులో ఆసుపత్రిని తప్పుపట్టడానికేమీ లేదు. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకి 43 మంది తల్లులు చనిపోతే, దేశంలో 97 మంది. కావాల్సినప్పుడు కత్తి ప్రాణం నిలబెడుతుంది.

కుట్లు మానకముందే

కోతతో ఇంటికెళ్లిన తల్లికి కోలుకునే సెలవు కావాలి. అందుకోసం ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో వచ్చింది. 2017లో సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 50 మంది ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలి. దినకూలీలకూ ఈ చట్టం వర్తిస్తుందని ఢిల్లీ నగరపాలక సంస్థ కార్మికురాళ్ల కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. పత్తి చేలో కలుపు తీసే తల్లికి మాత్రం సెలవు ఇవ్వాల్సిన యజమాని ఎవరో చట్టం చెప్పదు. అలాంటి తల్లుల కోసం కేంద్రం పెట్టింది ప్రధానమంత్రి మాతృవందన యోజన, తొలి కాన్పుకి 5,000 రూపాయలు. కోత మానడానికి ఆరు వారాలు పడుతుంది.

అడగాల్సిన ప్రశ్న

మొదటి కాన్పు కోత అయితే రెండోదీ కోతే అవడం మన దగ్గర మామూలు. అందుకే తొలిచూలు లెక్కే అసలు లెక్క. 2001లో మైకేల్ రాబ్సన్ అనే వైద్యుడు తల్లుల్ని పది గుంపులుగా విడదీశాడు. తొలిచూలు, నెలలు నిండాయి, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నొప్పులు వాటంతటవే వచ్చాయి- ఇది ఒకటో గుంపు. కోత అవసరం తక్కువగా ఉండాల్సినవాళ్లు వీళ్లు. ‘‘ఒకటో గుంపులో మీ దగ్గర పోయినేడాది ఎంతమందికి ఆపరేషన్ అయింది?’’ అని సీమంతానికి ముందే ఆసుపత్రిలో అడగొచ్చు. లెక్క రాసుకునే ఆసుపత్రి అయితే అంకె చెబుతుంది.