విత్తనానికి ముందు మట్టి

మృగశిర కార్తెలో తొలి వాన పడగానే చిట్యాల ప్రాంతపు ఇళ్లలో కూరగాయల విత్తనాల పొట్లాలు కనిపిస్తాయి. పెరట్లో నాలుగు గీతలు గీసి విత్తనాలు చల్లి, నెల తిరక్కముందే ‘ఈ నేలలో బరకత్ లేదు’ అని చేతులు దులుపుకునేవారున్నారు. లోపం చాలాసార్లు విత్తనంలో కాక మడి తయారీలోనే ఉంటుంది.

మన నేలల్లో ఎర్రచల్క ఎక్కువ. ఇది నీటిని నిలుపుకోదు. వాన వెలిసి ఎండ కాయగానే పైన అట్ట కడుతుంది. లేత మొలక దానిని చీల్చుకొని రాలేదు. మహాప్రవక్త (సఅసం) తాను తెచ్చిన జ్ఞానాన్ని వర్షంతో పోల్చి, దానిని స్వీకరించే తీరును బట్టి మూడు రకాల నేలలను ప్రస్తావించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఉపమానం మనుషులను గురించినదే అయినా, నేలలన్నీ ఒకటి కావన్న సత్యం అందులో ఇమిడి ఉంది.

నాలుగడుగుల వెడల్పు మడి చాలు. రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది, మట్టిని తొక్కనవసరం లేదు. పదును మీద జానెడు లోతున తవ్వి, రాళ్లనూ ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలనూ ఏరివేయాలి. దొరికితే రెండు గంపల చెరువు మట్టి కలపాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు పూడికమట్టిని పొలాలకు తోలుకున్నది ఇందుకే: అందులోని బంకమన్ను చల్కకు తేమను నిలిపే శక్తినిస్తుంది.

అసలు ప్రాణం పశువుల ఎరువు. కొన్ని ఇళ్లలో పేడను ముట్టడానికి సంకోచిస్తారు. దానితో పండినది పవిత్రమేనా అని అడుగుతారు. సందేహం అక్కరలేదు. పేడ అమ్మకం తప్పు కాదని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం ‘హిదాయా’ చెబుతున్నది. ఎరువు వేసి పండించిన పంట పవిత్రమేనన్నది అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. కూరగాయలను కడిగి వండుకుంటే సరి. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వంటి సహాబీ తన భూమికి స్వయంగా ఎరువు మోసేవారని ఉల్లేఖనాలున్నాయి. పన్నెండవ శతాబ్దంలో సెవిల్లె వాసి ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథాన్ని నేలలతో ప్రారంభించి, వెంటనే ఎరువుల అధ్యాయం పెట్టాడు.

అయితే పచ్చి పేడ పనికిరాదు. అది వేడి చేస్తుంది, చెదలను పిలుస్తుంది. వాసన పోయి, నల్లబడి, చేతిలో పొడిగా రాలేలా చివికిన ఎరువునే మడికి రెండు మూడు గంపలు కలిపి, పది పదిహేను రోజులు తడిపి ఉంచాలి.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్నది తెలిసిందే. ఆకుకూరలకు వీలైనంత వరకు వాన నీటినే వాడాలి. నల్లా నీటితో వుజూ చేసినప్పుడు జారే నీటిని వృథా చేయక కాలువతో మడికి మళ్లించవచ్చు. మొదటి ఏడు గోంగూర, తోటకూర, బెండ వేస్తే చాలు.