ఎముకలో మరమేకు

వెన్నుపూసల పాఠం నడుస్తుంటే మొగుడంపల్లి పిల్లాడొకడు లేచాడు. "సార్, మా నాయనకు నడుముల స్క్రూలేసిన్రు. తలుపు మడతబందు స్క్రూలు కొన్నొద్దులకు లూజైతయి గదా, అవి గావా?"

అవుతాయి. విరుగుతాయి కూడా. ఆ రెండిటినీ ఆపడానికి పడిన పాట్లే ఈ స్క్రూ జీవితకథ.

దీనికన్నా ముందు రాజ్యమేలింది అమెరికన్ డాక్టర్ పాల్ హారింగ్టన్ రాడ్డు. పోలియోతో వెన్ను వంకరపోయిన పిల్లల కోసం తయారైంది. రాడ్డుకు రెండు కొసలా కొక్కేలు, అవి పూసల వెనకభాగాన్ని పట్టుకుని ఎడంగా నెట్టేవి. వంకర తగ్గేది గానీ నడుముకు సహజంగా ఉండే వంపు కూడా చదునైపోయేది. 1963లో పారిస్‌లో రేమండ్ రాయ్-కమీల్ మరో దారి పట్టాడు. పూస వెనకభాగాన్ని ముందున్న దిమ్మెతో కలిపే పొట్టి ఎముక ఉంటుంది, దాన్ని పెడికిల్ అంటారు. దాని గుండా స్క్రూ దింపాడు. కాస్త లోపలికి జరిగితే నరాల సంచి, కాస్త కిందికి జరిగితే కాలికి పోయే నరం! కొక్కెం పట్టుకునేది వెనకభాగాన్నే, స్క్రూ మొత్తం పూసను పట్టుకుంటుంది. నా ఓటు స్క్రూకే.

చిక్కేమిటంటే, ఊడకుండా ఉండాలంటే మర లోతుగా ఉండాలి. విరగకుండా ఉండాలంటే మధ్య కడ్డీ లావుగా ఉండాలి. పెడికిల్ సందు చిన్నది కాబట్టి బయటి కొలత పెంచే వీల్లేదు, ఒకటి పెంచితే రెండోది తగ్గాల్సిందే. వంపును తట్టుకునే బలం కడ్డీ వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 5 మిల్లీమీటర్లను 6 చేస్తే బలం ఏకంగా 1.7 రెట్లు! వంచే బలం ఎక్కువగా పడేది తల దగ్గర. అందుకే కడ్డీని అక్కడ లావుగా, మొన వైపు సన్నగా చెక్కారు. మొన దిగే చోట ఎముక స్పాంజిలా ఉంటుంది, లోతైన మర అక్కడే కావాలి. ఎంత సొగసైన రాజీ!

ఎముక గుల్లబారిన వాళ్లలో ఇదీ చాలదు. వదులైన రంధ్రంలో వడ్రంగి అగ్గిపుల్ల దూర్చి స్క్రూ బిగించినట్టు, పక్కలకు చిల్లులున్న స్క్రూ లోంచి సర్జన్ ఎముక సిమెంటు ఎక్కిస్తాడు. అది సిరల్లోకి కారి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది గనక ఎక్స్‌రే తెర మీద చూస్తూ కొద్దికొద్దిగా నెడతారు.

అసలు విషయం వేరే. స్క్రూ శాశ్వతంగా మోయడానికి కాదు, పూసల మధ్య పెట్టిన ఎముక ముక్కలు అతుక్కునేదాకా కదలకుండా పట్టుకోవడానికే. వంగిన ప్రతిసారీ లోహం కొంచెం అలసిపోతుంది. అతుకు ముందు పడిందా సరే, లేదంటే ఎంత గట్టి లోహమైనా ఒకరోజు విరగాల్సిందే. ఆపరేషన్‌కు ముందే సిగరెట్, బీడీ మాన్పించడం, ఎముక సాంద్రత పరీక్ష, విటమిన్ డి సరిచూడటం ఇందుకే. ఖరీదైన స్క్రూ కన్నా ఇవే ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం.

తర్వాతి కథ గబగబా చెప్పేయొచ్చు. 1990లలో అమెరికాలో ఈ స్క్రూల మీద కోర్టు కేసులు, 1998లో అక్కడి వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంగీకారం, ఎటైనా తిరిగే స్క్రూ తలలు, రోబోలు. ఉక్కు స్థానంలో టైటానియం వచ్చింది. దాని బిరుసు ఉక్కులో సగమే కావడంతో ఎముకకూ కొంత బరువు వదులుతుంది. ఇంప్లాంట్లకు వాడే టైటానియం మిశ్రమలోహాన్ని హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధానీ కూడా తయారుచేస్తుంది.

ఇప్పటికీ ఎక్కువగా మొరాయించేది వెన్నుకు అట్టడుగున ఉండే త్రికాస్థిలో వేసిన స్క్రూయే. పై బరువంతా అక్కడికే దిగుతుంది, ఎముకేమో మెత్తన. అందుకే ఎక్కువ పూసలు కలపాల్సి వస్తే రాడ్లను తుంటి ఎముకదాకా దించి, అక్కడ మరో పొడవాటి స్క్రూల జత బిగిస్తున్నారు.